కదలని పచ్చగీత

బిందు నవ్వితే నాగరాణికి ఒళ్ళు మండేది. ఆ నవ్వులో తప్పేం లేదు, అందరూ నవ్వినట్టే నవ్వేది పాపం. కానీ ఆ నవ్వు వినబడగానే కుమారస్వామి సారు తన గదిలోంచి బయటికొచ్చి, "ఏందమ్మా, అయిందా?" అంటూ ఆ పిల్ల కుర్చీ వెనక నిలబడేవాడు. మూడేళ్ళ నుంచి చాకిరీ చేస్తున్న నాగరాణి కుర్చీ వెనక ఒక్కనాడైనా నిలబడ్డాడా? లేదు. మొన్న మొన్న వచ్చిన పిల్లకు మాత్రం ఈ వైభోగమంతా!

వికారాబాద్ బస్టాండు వెనక, మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు వాళ్ళది. చుట్టుపక్కల వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెడతారు. అందులో తాండూరు బండల వ్యాపారి దేవప్పది పెద్ద పని. పాలిష్ పట్టిన బండలను ఆయన మనుషులు ఫోన్లో వీడియో తీసి సైట్‌లోకి ఎక్కిస్తే, ఎక్కడెక్కడివాళ్ళో చూసి బేరం చేసుకుంటారు. వీడియోలేమో పెద్దవి, గనుల దగ్గర సిగ్నలేమో అంతంతమాత్రం. ఎంత ఎక్కిందో తెలియక, విసిగిపోయి మధ్యలోనే మూసేసేవాళ్ళు.

అందుకని నాగరాణి పోయినేడు ఆ పేజీలో ఒక పచ్చగీత పెట్టింది. చెప్పొద్దూ, అది ఉత్త నాటకం. ఫైలు ఎక్కినా ఎక్కకపోయినా గీత తన మానాన తాను ముప్పాతిక దాకా జరిగి అక్కడ చతికిలబడేది. దేవప్ప మనుషులు దానికి దొంగగీత అని పేరు పెట్టారు.

బిందు వచ్చి అసలైన గీత చేసింది. సైట్ తెరిచిన ప్రతి మనిషినీ సర్వరు సెషన్ అనే గుర్తుతో జ్ఞాపకం పెట్టుకుంటుంది కదా. ఫైలు వస్తున్నకొద్దీ ఇంత వచ్చింది, ఇంకా ఇంత రావాలి అని సర్వరు ఆ సెషన్‌లోనే రాసుకునేటట్టు చేసింది. పేజీ మాటిమాటికీ దాన్నే అడిగి గీతను జరుపుతుంది. సిగ్నల్ ఆగితే గీత ఆగుతుంది, వస్తే కదులుతుంది. అది చూసి దేవప్ప ఫోన్లోనే మురిసిపోయాడు. "కుమార్ సాబ్, గీ బిడ్డ గీత నిజం జెప్తది!" అన్నాడు. సారు దాన్ని స్పీకర్లో పెట్టి మరీ అందరికీ వినిపించాడు. నాగరాణి పైకి నవ్వింది గానీ ఆ పూట అన్నం సయించలేదు.

ఒక్క మెప్పు సంగతే అయితే ఎలాగో దిగమింగేదేమో. తాండూరులో బండల వ్యాపారుల కోసమని సారు కొత్త ఆఫీసు తెరుస్తున్నాడు. దాన్ని నడిపే పెద్దగా నాగరాణినే పంపుతానని ఎప్పటినుంచో అంటున్నాడు. కుల్కచర్లలో గొర్లు కాసుకునే తల్లి మైసమ్మ, "నా బిడ్డ తాండూర్ల ఆఫీసరైతున్నది" అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంది. ఇప్పుడు సారు మాట మారింది. "బిందు గీత తాండూరు వ్యాపారులకు చూపిచ్చినంక సూద్దాం తియ్" అంటున్నాడు. ఇక నాగరాణి కళ్ళల్లో నిప్పులు పోసుకోక ఏం చేస్తుంది?

తాండూరు పోయి ఆ గీతను వ్యాపారులకు చూపించడానికి ముందురోజు దేవప్పే ఫోన్ చేశాడు. "మావోళ్ళు పేజీ కిందికి జరుపుకుంట కూసోరమ్మా. వీడియో పెట్టే డబ్బా పైకి గుంజు" అన్నాడు. బిందు సరేనని ఆ డబ్బాను పేజీలో అన్నిటికన్నా పైకి తెచ్చింది. చిన్న ఫొటో ఎక్కించి చూస్తే టిక్కు పడింది. లాప్‌టాప్ తెచ్చి నాగరాణి ముందు పెట్టింది.

"అక్కా, జర చూడవా? నువ్వు చూస్తే నాకు ధైర్యం."

ఆ ఆఫీసులో పద్ధతి అది. ఒకరు రాసింది ఇంకొకరు చూసి "చూశాను" అని గుర్తు పెడితేనే బయటికి పోతుంది. గుర్తు పెట్టాక పూచీ చూసినవాళ్ళది.

నాగరాణి చూసింది. చూడగానే తప్పు దొరికింది. ఈ ఫైలును లెక్కపెట్టుకో అని సర్వరుకు చెప్పే లైను ఒకటి ఉంటుంది, పేజీలో పైకి కనబడదు. అది ఫైలు డబ్బా కన్నా ముందుండాలి. డబ్బాను పైకి లాగేసరికి అది కింద మిగిలిపోయింది. మార్కెట్ యార్డులో కంది బస్తాలన్నీ లోపలికి పోయాక కాంటా తెచ్చినట్టు, ఫైలంతా వచ్చాక లెక్కపెట్టమంటే ఏం లాభం? చిన్న ఫొటో చిటికెలో ఎక్కింది కాబట్టి బిందుకు తేడా తెలియలేదు. పెద్ద వీడియో పెడితే గీత ఉన్నచోటే ఉంటుంది.

"బిందూ, గీ లైను..." అని నోటిదాకా వచ్చింది. అంతలో గదిలోంచి సారు కేక వినబడింది. "బిందూ, రేపు పొద్దుగాల్నే టేషన్‌కు రా తల్లీ!"

తల్లీ అట తల్లీ! తననెప్పుడైనా ఆ మాటతో పిలిచాడా? నాగరాణి పళ్ళు కొరుక్కుంది. అందరూ బిందు గీత అంటున్నారు కదా, పోతే బిందు పరువే పోనీ అనుకుంది. "చూశాను" అని గుర్తు పెట్టేసింది.

"మంచిగుందే" అంది.

"నా మంచి అక్క" అని బిందు ఆమె చేయి పట్టుకుని ఊపింది.

మరునాడు ముగ్గురూ తాండూరు బయల్దేరారు. రైల్లో సారు కిటికీ పక్కన కునుకు తీస్తుంటే, బిందు వచ్చి నాగరాణిని ఆనుకుని కూర్చుంది. దౌల్తాబాద్ నుంచి వాళ్ళమ్మ పంపిన జొన్నరొట్టె విప్పి సగం ఆమె చేతిలో పెట్టింది.

"అక్కా, నీకో మాట జెప్పాలె. తాండూరుకు పోతవా అని సారు నన్నడిగిండు. అక్క పెద్దగ ఉంటెనే పోత, లేకుంటే పోను అని జెప్పిన. అసలైతే ఇయ్యాల్టి పని మంచిగయితెనే నన్ను పనిల ఉంచుకుంటడు. భయమైతున్నదక్కా."

నాగరాణి రొట్టె పక్కన పెట్టేసింది. ఇప్పుడైనా చెప్పేస్తే పోయె! కానీ ఎలా చెబుతుంది? నిన్ననే చూశాను, చూసి ఊరుకున్నాను అని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? నీళ్ళు తాగి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

దేవప్ప పాలిష్ ఫ్యాక్టరీలో కుర్చీల మీద తెల్లటి దుమ్ము దులిపి కూర్చోబెట్టారు. నలుగురైదుగురు వ్యాపారులు మూగారు. బిందు లాప్‌టాప్ తెరవబోతుంటే సారు ఆపాడు.

"నువ్వు జరుగు బిందూ. చూసి గుర్తువెట్టింది నాగరాణి. పూచీ ఆమెది, ఆమెనే చూపియ్యాలె."

నాగరాణి ముందుకు జరగక తప్పలేదు. ఇలా తన మీదికే వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. కూర్చుంది, వీడియో ఎంచుకుంది, బటన్ నొక్కింది. గీత కదలలేదు. అందరూ తెర మీదికి వంగారు. ఊహూ, కదలలేదు.

"ఏనమ్మా ఇదు?" అని కన్నడంలో అడిగాడు దేవప్ప, ఏంటమ్మా ఇది అన్నట్టు మొహం చిట్లించి. "దొంగగీతే నయముండె, కదిలిందన్నా కదిలేది." వ్యాపారులు గొల్లున నవ్వారు.

బిందు మొహంలో నెత్తురు లేదు. "నాదే తప్పు సార్. డబ్బా జరిపినప్పుడు నేనే ఏదో జేసిన. అక్కను ఏమనకుండ్రి, అక్కకేం తెల్వదు" అంది ఏడుపు ఆపుకుంటూ.

నాగరాణి కోరుకున్నది కోరుకున్నట్టే జరిగిపోతోంది. ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు, ఈ పిల్ల పీడ విరగడవుతుంది. కానీ ఆ "అక్కకేం తెల్వదు" అన్న మాట చెంప మీద కొట్టింది. ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది. పేజీ వెనకున్న రాత తెరిచి, ఎక్కడా వెతకకుండా నేరుగా ఆ లైను దగ్గరికి పోయి, దాన్ని డబ్బా పైకి తెచ్చి పెట్టింది. మళ్ళీ బటన్ నొక్కింది.

పచ్చగీత కదిలింది. మధ్యలో సిగ్నల్ పోతే ఆగింది, వస్తే మళ్ళీ జరిగింది. దేవప్ప తొడ చరిచాడు. సారు మొహం వెలిగిపోయింది.

"చూసిన్రా మా నాగరాణిని! ఒక్క చూపుల పట్టేసింది. తాండూరు ఆఫీసు నీదే పో తల్లీ!"

అందరూ చప్పట్లు కొట్టారు, బిందు తప్ప. ఆ పిల్ల తెర మీది లైనునే చూస్తోంది. తర్వాత తలెత్తి నాగరాణిని చూసింది.

తిరుగు రైల్లో సారు గుమ్మం దగ్గర నిలబడి ఫోన్లో ఎవరితోనో ఈ ముచ్చటే చెప్పుకుంటున్నాడు. బిందు పక్కన కాకుండా ఎదుటి సీట్లో కూర్చుంది. మిగిలిన రొట్టెను మూటకట్టి సంచిలో పెట్టేసుకుంది. సగం దూరం దాకా ఓపిక పట్టి నాగరాణే కదిలించింది.

"బిందూ, నిన్ను పంపుమని సారుకు నేను జెప్త. తాండూరుకు నా ఎంబడి వస్తవుగా?"

బిందు సంచి తాడు సరిచేసుకుంది.

"సారు యాడికి పంపితే ఆడికి పోత, మేడమ్."