కుడి బుగ్గ మీది మంగు

నేను ఒక ముప్పై గ్రాముల ట్యూబుని. నా కడుపులో ఉన్నది గ్లైకాలిక్ ఆసిడ్ క్రీము. చెరకు నుంచి పుట్టానని నా అట్టపెట్టె మీద పచ్చటి గడ బొమ్మ వేశారు గానీ, చెరకుతోట ఎలా ఉంటుందో నేనెరగను. ఊరి బయట రేకుల షెడ్డులో, నీలం పీపాలోంచి వచ్చాను. ఒక యంత్రం నన్ను నింపింది, ఇంకొకటి తోక నొక్కి మూసేసింది. మా జాతికి వచ్చిన విద్య ఒక్కటే, పైచర్మాన్ని సన్నగా ఊడదీయడం. మనుషులు దానికి మెరుపు అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఖమ్మంలో ఒక మందుల షాపులో నన్ను కొన్నది భూలక్ష్మి. ఆర్టీసీ కండక్టరు, బోనకల్లు రూటు. రెండు బుగ్గల మీదా నల్లగా మంగు. నాతోపాటు విటమిన్ సి సీరం సీసా కూడా ఆ ఇంటికొచ్చింది. గాజు ఒళ్ళు, రబ్బరు టోపీ, కాస్త గీర. చర్మం డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది: "పొద్దున సీసా, రాత్రి ట్యూబు. రెండూ ఒకేసారి పూస్తే మొహం కాలుతుందమ్మా. ఎండలోకి వెళ్ళేముందు సన్‌స్క్రీన్ తప్పనిసరి." ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, మా సంగతీ అంతే. భూలక్ష్మి తలూపింది. సన్‌స్క్రీన్ మాత్రం కొనలేదు.

ఆమె నన్ను టికెట్ల మిషను పక్కన, భుజం సంచిలో వేసుకుని తిరిగేది. అలా ఆ మంగు కథ నాకు బస్సులోనే, డ్రైవరు మాటల్లో తెలిసింది. కడుపుతో ఉండగా ఐదో నెలలో వచ్చిందట. ఆరో నెల నిండేదాకా ఆమె డ్యూటీ మానలేదు. రోజూ ఎక్కేవాళ్ళంతా ఆ కడుపు పెరగడం చూశారు, మామిడికాయలు తెచ్చిచ్చారు, మంగు చూసి మగపిల్లాడే అని తీర్పు కూడా ఇచ్చారు. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయాడు. మంగు ఉండిపోయింది.

సెలవు ముగించుకుని వచ్చిన రోజే, కూరగాయల గంపతో ఎక్కే అచ్చమ్మ ఆ మొహం చూసి అడిగిందట. నేను సంచిలోకి చేరాక కూడా అడుగుతూనే ఉంది.

"మంగు ఇంకా పోలేదేం బిడ్డా? పిలగాడు బాగున్నడా?"

"బాగున్నడు పెద్దమ్మా. ఆధార్ కార్డు చూపియ్యి."

ఆ మాటలో ఏమీ ఉండదు. వచ్చే స్టేజీ పేరు చెప్పినట్టే చెబుతుంది. అడిగే కొద్దీ ఆ పిల్లాడు మా బస్సులో పెరిగాడు. బోర్లా పడ్డాడు, పాకాడు, కింద రెండు పళ్ళు వచ్చాయి. మంగు పోతే ఇక ఎవరూ అడగరని భూలక్ష్మి ఆశ. అందుకే తొందర. పొద్దున్నే సీసానీ నన్నూ కలిపి పట్టించేది. మధ్యాహ్నం బోనకల్లు బస్టాండులో నన్ను ఇంకోసారి రుద్దుకుని ఎండలోకి నడిచేది.

మూడు వారాలకు మొహం కందిపోయింది. ముక్కు పక్కన పొట్టు లేచింది. చెమట తగిలితే పుండు మీద కారం చల్లినట్టుండాలి.

"ఏందక్కా, మొహం అట్లయింది?" అన్నాడు డ్రైవరు.

"ఎట్లయింది?" అని ఎదురడిగింది.

నాకు భయం వేసింది. మేం మండిస్తాం, మనుషులు అబ్బా అని కడుక్కుంటారు. తరతరాలుగా మాకూ వాళ్ళకీ ఉన్న ఒప్పందం అది. ఈవిడకు మంటే తెలియడం లేదు.

చివరికి ఆమె భర్త సైదులు, కరెంటు పనులు చేసే మనిషి, చెయ్యి పట్టి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు. తిట్లు ఆమెకి పడ్డాయి, సిగ్గు నాకు. నెల రోజులు నాకూ సీసాకీ సెలవు. ఆ తరవాత సైదులే సన్‌స్క్రీన్ కొన్నాడు, పొద్దునకి సీసాని, రాత్రికి నన్ను కేటాయించాడు. చలికాలం వచ్చేసరికి ఎడమ బుగ్గ తేటపడింది. కుడి బుగ్గ మీద చింతపిక్కంత మిగిలింది. అంతా నా గొప్పే అనుకున్నాను.

ఒకరోజు అన్నాలయ్యాక ఆమె నన్ను వేలి మీదకు తీసి బుగ్గకి రాస్తుంటే సైదులు అన్నాడు, "ఇంత పోతే అయిపోయినట్టే. ఇగ ఎవరూ అడగరు."

వేలు ఆగిపోయింది.

"బాబును ఫొటో తీసినవా?"

ఆ బిడ్డ గురించి ఆమె నోరు తెరవడం నేను వినలేదు, బస్సులో అబద్ధాలు తప్ప. ఆస్పత్రిలో ఆమెకు తెలివొచ్చేసరికే సైదులు బిడ్డను పూడ్చి వచ్చేశాడట.

"లేదు."

"ఎట్లున్నడు?"

సైదులు నా మూత తీసుకుని బిగించాడు. "నీ ముక్కే."

"వాడు నాకిచ్చింది ఈ మంగు ఒక్కటే గదయ్యా," అంది భూలక్ష్మి. తరవాత బుగ్గ పట్టుకుని లేచింది. "అబ్బా, మండుతున్నది. మండుతున్నదయ్యా."

పంపు దగ్గర నీళ్ళు కొట్టుకుంటూ ఏడ్చింది. సైదులు తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు కూడా అలవాటుగా నేను సంచిలోనే ఉన్నాను. అచ్చమ్మ గంప దించి అడిగింది, "నడుస్తున్నడా బిడ్డా?"

"లేడు పెద్దమ్మా. పుట్టకముందే పోయిండు. నీకు అబద్ధం చెప్పిన."

"నాకెరికే. మీ డ్రైవరు ఎప్పుడో చెప్పిండు." ముసలామె కార్డు కోసం కొంగుముడి వెతుక్కుంది. "నువ్వు వాణ్ని పెంచుకుంటున్నవ్. నేనెందుకు ఆపాలె అనుకుని అడుగుతున్న."

ఇప్పుడు నేను కిటికీ గట్టు మీద ఉన్నాను. సగం క్రీము నాలోనే ఉంది, గడువు దాటిపోయింది. పక్కనే సీసా గీర దిగి, డికాషను రంగుకి తిరిగింది. రోజూ పొద్దున భూలక్ష్మి డ్యూటీకి వెళ్ళేముందు నా ఎదురుగానే మొహానికి సన్‌స్క్రీన్ రాసుకుంటుంది. కుడి బుగ్గ మీద చింతపిక్కంత చోటు మాత్రం ఎండకి వదిలేస్తుంది.