ఒకే ఒక్క గీత

మా తోడికోడలిని ల్యాబ్‌లో చేర్పించింది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఇంట్లో ఆమె దుప్పటి మడత పెట్టినా అత్తగారు మెచ్చుకుంటారు. ఇప్పుడు ఇక్కడ మా మేడం కూడా మొదలుపెట్టారు.

మేమిద్దరం వెతికేది ఒకే ఎంజైమ్‌ని. కణాలను నలగ్గొట్టి, అందులోని ప్రొటీన్లను సైజువారీగా విడదీసి, పల్చటి పొర మీదికి ఎక్కించి, దానిమీద యాంటీబాడీ పోస్తాం. అన్ని ప్రొటీన్లలోంచి అది మా ఎంజైమ్‌ని మాత్రమే పట్టుకోవాలి. పట్టుకున్న చోట నల్లటి గీత పడుతుంది. నా యాంటీబాడీకి మూడు గీతలు పడతాయి. నడిమిదే మా ఎంజైమ్ అని నమ్మి, మూత్రపిండాల కణాల్లో అది బోలెడంత ఉందని వ్యాసం రాశాను. ఏళ్ల తరబడి పడ్డ పాట్లన్నీ అందులోనే ఉన్నాయి. మేడం దాన్ని ఈ వారమే పత్రికకు పంపబోతున్నారు.

మా తోడికోడలు తెప్పించిన కొత్త యాంటీబాడీకి కాలేయ కణాల్లో ఒకే ఒక్క గీత పడింది, కాటుకతో దిద్దినట్టు. మేడం దాన్ని అందరికీ చూపించి, పొర అంటే ఇలా ఉండాలన్నారు. అలా అంటున్నప్పుడు నావైపు చూశారు కూడా. గీత ఒకటే అయినంత మాత్రాన అది సరైనదని ఎవరు చెప్పారు?

తేల్చే పరీక్ష ఒకటుంది. ఆ ఎంజైమ్ జన్యువును తీసేసిన మూత్రపిండాల కణాలు ఈమధ్యే మా ల్యాబ్‌కి వచ్చాయి. ఎంజైమే లేని ఆ కణాల్లోనూ గీత పడిందంటే, యాంటీబాడీ ఇంకెవరినో పట్టుకుంటున్నట్టే. నవ్వు మొహం పెట్టి ఆమె యాంటీబాడీ కాస్త అడిగాను. ఎందుకని కూడా అడగకుండా ఇచ్చింది. పోల్చి చూస్తే ఆమె తప్పు ఇంకా బాగా కనబడుతుందని, పక్కన నాదీ పెట్టాను.

మామూలు మూత్రపిండాల కణాల్లో పడ్డ ఆమె గీత, జన్యువు లేని కణాల దగ్గర మాయమైంది. పొర తెల్లగా, శుభ్రంగా ఉంది. నా గీతలు మూడింటికి మూడూ అలాగే ఉన్నాయి. నడిమిది కాస్తయినా పలచబడలేదు.

ఆమె ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది.

"ఆ కణాలు రాగానే మన రెండు యాంటీబాడీలతో నేనూ చేసి చూశాను అక్కా. నీ వ్యాసం వెళ్లబోతోంది కదా, నా నోటితో ఎందుకని ఊరుకున్నాను. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ."

ఆ గొంతులో వెటకారం ఒక్క పిసరున్నా నాలుగు దులిపి చల్లబడేదాన్ని. లేదు. మంచి గీత ఆమెకే, అత్తగారి మెప్పూ ఆమెకే. చివరికి నా పరువు కూడా ఆమె పెట్టిన భిక్షేనా? వ్యాసం పోతే పోయింది గాని, అది మాత్రం నేను భరించలేను.

తడి పొరను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేడం గదికి నడిచాను. తనూ వస్తానంది. వద్దన్నాను. వ్యాసం పంపవద్దని, నా గీత తప్పని మేడంకి నేనే చెప్పాను.

ఆవిడ పొరను చాలాసేపు చూశారు. తల ఎత్తినప్పుడు ఆవిడ కళ్లలో, ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడని మెచ్చుకోలు.

"నీ పని నువ్వే పరీక్షకు పెట్టుకున్నావు. ఈ ఆలోచన ఎలా వచ్చింది నీకు?"

"మా తోడికోడలి మీద కుళ్లుతో, మేడం," అన్నాను.