అద్దం మీద నిలవని బొట్టు

కారు అద్దం మీద వాన నీళ్లు నిలవకుండా చేసే మందును అనంతపురంలో కొన్న మొదటి మనిషి తానేనేమోనని రేఖకు అనుమానం. కార్ల సామాన్లమ్మే ప్రవీణ్‌కు ఆ అనుమానం కూడా లేదు.

"వానకా మేడమ్? ఎండకు ఫిల్మ్ అడుగుతారు, దుమ్ముకు కవరు అడుగుతారు. వానకు మందు అడిగింది మీరే," అంటూ స్టూలెక్కి, పై అరలోంచి మూడు సీసాలు దించి, వాటి మీది దుమ్మును ఉఫ్‌మని ఊదాడు. ఆ దుమ్మంతా రేఖ పక్కన నిలబడ్డ సువార్త ముక్కులోకి పోయింది. ఆమె తుమ్ములు ఆగేదాకా బేరం ఆగింది.

"ఇది అద్దం కడిగే నీళ్లలో కలిపేది. సులువే, కానీ నాలుగు రోజులకే పోతాది. ఇది గుడ్డతో రుద్దేది. చెయ్యి నొస్తాది గానీ రెండు నెలలు నిలుస్తాది. ఈ మూడోది గట్టిది. మా దగ్గరే వేయించుకోవల్ల. వేసినాంక పన్నెండు గంటలు నీళ్లు తగలకూడదు, అదొక్కటే ఇబ్బంది."

"పన్నెండు గంటలేనా?" ముక్కు తుడుచుకుంటూ అడిగింది సువార్త. "ఈ ఊర్లో పన్నెండు నెలలు తగలకుండా నేను పూచీ ఉంటా."

ప్రవీణ్ స్టూలు మీదే కూలబడి నవ్వాడు. రేఖ మాత్రం రెండో సీసా పట్టుకుంది. తన కారు, తన ప్రయాణం, తన చెయ్యే నొప్పి పుట్టనీ అనుకుంది.

ఆ ప్రయాణం పిచ్చి ఎక్కించింది సువార్తే. ఇద్దరూ ఒకే బడిలో టీచర్లు. చర్చి వాళ్లతో ఒకసారి కర్ణాటక కొండల్లోని ఆగుంబె పోయొచ్చిన సువార్త, స్టాఫ్ రూములో కూర్చుని అక్కడి వాన గురించి చెప్పింది. పొద్దున మొదలైతే మర్నాటికీ ఆగదట. పక్క మనిషితో మాట్లాడాలంటే అరవాలట. ఆరేసిన బట్ట వారమైనా ఆరదట. నలభై ఆరేళ్లొచ్చినా రేఖకు తెలిసిన వాన వేరు. నాలుగు చినుకులు రాలగానే మిద్దె మీది వడియాలకోసం పరిగెత్తడం, వాటిని కిందికి తెచ్చేలోపే మళ్లీ ఎండ రావడం. ఆగని వానలో సొంతంగా కారు తోలుకుంటూ పోవాలని ఆమెకు ఎంత ఆశ పుట్టిందంటే, ఆగస్టులో వరసగా సెలవులు కనబడగానే గదులు కూడా మాట్లాడేసింది.

భర్త దివాకర్ వద్దనలేదు. వద్దంటే పోట్లాట అని ఆయనకు తెలుసు. అందుకని తెలివిగా ఒక మెలిక పెట్టాడు.

"లైసెన్సొచ్చి నాలుగేండ్లాయ. వానలో ఒక్కసారన్నా బండి తోలినావా? వైపర్లు దుమ్ము తుడిచేదానికే వాడ్తివి. ఈడ ఒక్క వానలో తోలి చూపియ్యి. ఆపైన ఆగుంబె కాదు, యాడికన్నా పో."

చెప్పేసి నిశ్చింతగా పేపరు తిరగేశాడు. పైన ఆకాశం ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది.

సరే, వాన ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉందామని రేఖ సీసా తీసింది. మొదటిసారి మధ్యాహ్నం రుద్దింది. అద్దం పెనంలా కాలుతోంది. మందు గుడ్డ మీద ఉన్నంతసేపే మందు, అద్దానికి తగలగానే సున్నం. చూస్తుండగానే అద్దం మొత్తం దోసెపిండి పూసినట్టు తెల్లగా అయ్యింది. ఎదురింటి జయంతి గేటు దగ్గర నిలబడి, "ఏం రేఖా, కారుకు పెండ్లిచూపులా? పౌడరు బాగా దట్టించినావే," అంది. అప్పుడు గానీ రేఖ సీసా వెనక రాసింది చదవలేదు. నీడలో, చల్లటి అద్దం మీద రాయాలట.

మర్నాడు పొద్దు పొడవకముందే లేచింది. బోరు నీళ్ల ఉప్పు మరకలు పోయేదాకా నిమ్మచెక్కతో తోమి, కడిగి, ఆరబెట్టింది. మందును చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దింది. పల్చటి పొర కట్టాక తడిగుడ్డతో తుడిచింది. అద్దం ఉందో లేదో తెలియనంత తేటగా వచ్చింది. చేతులు భుజాల దాకా లాగుతున్నాయి. అయినా నవ్వు ఆగడం లేదు.

ఆరోజు శుక్రవారం. అత్తగారు చెన్నమ్మ పూజ ముగించుకుని, కుంకుమ గిన్నెతో బయటికొచ్చింది. కారు కొన్నప్పటినుంచీ ప్రతి శుక్రవారం దానికి బొట్టు పెట్టడం ఆమె పని. గిన్నెలో రెండు చుక్కల నీళ్లు పోసి, ఉంగరం వేలితో కలిపి, అద్దం నడిమధ్యన నిండుగా బొట్టు పెట్టింది.

బొట్టు ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గుండ్రంగా ముడుచుకుని, ఎర్రటి పూసలా మారి, జర్రున జారి వైపరు మీద పడింది.

చెన్నమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ జర్రున జారింది. విభూతి తడిపి అడ్డంగా మూడు గీతలు గీసింది. మూడూ తెల్లటి ముత్యాలై ఒకదాని వెనక ఒకటి దిగిపోయాయి.

"పనిచేస్తాంది! అత్తా, పనిచేస్తాంది!" రేఖ చప్పట్లు కొట్టి, ముగ్గు తొక్కేస్తూ గిర్రున తిరిగింది.

చెన్నమ్మ మాత్రం గిన్నె పట్టుకుని బిగుసుకుపోయింది. "ఏం పనిచేస్తాందే? దేవుని బొట్టును తోసేస్తాంది! దానికి నువ్వు చిందులేస్తాండావా?"

"అది బొట్టును కాదత్తా తోసేది, నీళ్లను."

"నీళ్లో నిప్పులో నాకు తెల్దు. బొట్టు నిలవని బండిలో మా ఇంట్లో ఎవురూ యాడికీ పొయ్యేదిల్లే."

గుమ్మంలో పళ్లు తోముకుంటున్న దివాకర్ ముఖం వెలిగిపోయింది. నోట్లో నురగతోనే, "అమ్మ మాట నేనెట్ల కాదంటా?" అన్నాడు.

రేఖకు ఒళ్లు మండింది. గదులు మాట్లాడింది, సెలవు రాసింది, చేతులు పడిపోయేట్టు రుద్దింది. తీరా బొట్టు జారిందని ఆగుంబె ప్రయాణం ఆగిపోతుందా? "నీళ్లను తోస్తాదని చూపిస్తే ఒప్పుకుంటావా అత్తా?"

"చూపియ్యి."

"వానలో తోలి చూపిస్తే నువ్వు ఒప్పుకుంటావా?" అని భర్త వైపు తిరిగింది.

"యాడుండాదే వాన?" అన్నాడు దివాకర్ ఉమ్మేసి.

"ఓబన్న చేన్లో ఉండాది!"

ఓబన్న దివాకర్‌కు చిన్నాయన కొడుకు. ఊరికి పక్కనే తారు రోడ్డు వెంబడి ఆయన వేరుశనగ చేను. వాన మొహం చాటేసినప్పుడల్లా బోరు నీళ్లను స్ప్రింక్లర్లతో చిమ్మించి పైరును కాపాడుకుంటాడు. రేఖ ఫోనులో సంగతి చెప్పేసరికి అవతల నవ్వు మొదలైంది.

"వదినా, స్ప్రింక్లర్లు వరసగా గట్టెంబడి నిలబెడతా రా. సగం చేనుకు, సగం రోడ్డుకు. పైరు తడుస్తాది, నీ ముచ్చటా తీరుతాది. కరెంటు పొయ్యేలోపల రాండి!"

సువార్తను దారిలో ఎక్కించుకుని నలుగురూ బయల్దేరారు. దివాకర్ ముందు సీట్లో పరీక్ష పెట్టే అధికారిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చేను దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద వాన కురుస్తోంది. పైన కాగుతున్న ఎండ, కింద వాన, మధ్యలో ఇంద్రధనుస్సు ముక్క. స్ప్రింక్లర్ల తలలు టకటకమంటూ ఇటు తిరిగి రోడ్డును తడిపి, అటు తిరిగి చేనును తడుపుతున్నాయి. ఓబన్న తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాడు. "రైట్, రైట్! రానీ వదినా!"

రేఖ మెల్లగా నీళ్లలోకి పోనిచ్చింది. దబదబమని అద్దం మీద దెబ్బలు పడ్డాయి. చెయ్యి అలవాటుగా వైపరు మీదికి పోయింది. ఎండకు కట్టెలైపోయిన వైపరు రబ్బర్లు కిర్రోమని మొత్తుకున్నాయి.

"పందిపిల్లను తొక్కినావా ఏమి?" అంది చెన్నమ్మ వెనకనుంచి.

"వైపరు ఆపక్కా! కాలు అదుముకో!" అని అరిచింది సువార్త.

రేఖ వైపరు ఆపి, యాక్సిలరేటర్ తొక్కింది. బండి ఊపందుకుంది. అద్దం మీద నీళ్లు పూసలు పూసలుగా విడిపోయాయి. ఆ పూసలు కిందికి జారలేదు. వణికి, కదిలి, ఒకదాని వెనక ఒకటి బిలబిలా పైకి పాకి, కప్పు మీదికి ఎగిరిపోయాయి. రోడ్డు కడిగిన కంచంలా కనబడుతోంది.

"అయ్యయ్యయ్యో! నీళ్లు పైకి పోతాండాయే!" చెన్నమ్మ ముందు సీటు పట్టుకుని లేచి నిలబడబోయి, తలకు కప్పు తగిలి కూర్చుంది. "గంగమ్మ పైకెక్కుతాంది! ఇంగోసారి పోనీ! నేను సరింగా చూడల్యా!"

ఇంకోసారి పోయింది. తర్వాత మరోసారి. వెనక సీట్లో ఇద్దరూ చిన్నపిల్లల్లా కేకలు. నాలుగోసారికి చెన్నమ్మే తీర్పు చెప్పింది.

"గంగమ్మనే నిలవనియ్యలేదంటే, నీళ్లలో కలిపిన బొట్టు యాడ నిలుస్తాది? దానికీ దేవునికీ తగవేం లేదులే. ఇంగమింద బానెట్టుకు పెడతా. నుదురు కాకపోతే ముక్కు."

రేఖ బండి ఆపి, భర్త వైపు తిరిగింది. దివాకర్ గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఎండలో వాన. మబ్బు లేదు, ఎదురు బండి లేదు. సరింగా వాన పడేతప్పుడు అడ్డం ఎవురన్నా వస్తే కనపడల్ల గదా." ఈసారి ఆయన గొంతులో మెలిక లేదు. ఉన్నది భయమే. రేఖకు అది తెలిసింది.

"అయితే నువ్వే పోయి అడ్డం నిలబడప్పా," అంది.

"ఒరే, బీమా కట్టినావా?" అని అడిగింది తల్లి.

దివాకర్ దిగాడు. ఒక్క నిమిషం ఆలోచించి, పంతానికి పోయి నిజంగానే నడిచి, స్ప్రింక్లర్లకు అవతలి చివర రోడ్డు మధ్యన నిలబడ్డాడు. ఓబన్న ఒక స్ప్రింక్లరును నేరుగా అన్న నెత్తి మీదికి తిప్పి, ఏమీ ఎరగనట్టు పైపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

రేఖ బండి వెనక్కి తీసి, దూరంనుంచి వచ్చింది. అద్దానికి అవతల వాన హోరు. ఆ హోరులో దివాకర్ పూర్తిగా కనబడ్డాడు. నుదుటికి అతుక్కున్న జుట్టు, జేబులో తడిసిన పెన్ను, గబగబా కదులుతున్న పెదాలు. రేఖ కాలు తీసి, మెత్తగా బ్రేకు తొక్కింది. ఆయనకు ఇంకా చాలా దూరముండగానే బండి ఆగింది. చెన్నమ్మ చేతిలోని నీళ్ల సీసా కూడా తొణకలేదు.

దివాకర్ నీళ్లు కారుతూ కిటికీ దగ్గరికి వచ్చాడు. "కనపడితినా?"

"ఆంజనేయస్వామికి మొక్కుకుంటాండేది కూడా కనపడ్య."

ఆయన నవ్వు ఆపుకోవాలని చూశాడు. కుదరలేదు. కారు మీద చెయ్యి ఆనించి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "పో తల్లీ, పో. ఆగుంబె పో. ముందు ఆ వైపరు రబ్బర్లు మార్చుకో. ఆడికి పోయినాంక ఫోను మాత్రం చెయ్యి."

"చేస్తా," అంది రేఖ.

ఆయన తలుపు తియ్యబోయాడు.

"ఏయ్, ఆ తడి గుడ్డలతో ఎక్కొద్దు! సీటు నానుతాది," అని వెనకనుంచి కసిరింది చెన్నమ్మ. "రోంతసేపు ఎండలో నిలబడు, ఆరుతావు. రేఖా, కరెంటు పొయ్యేలోపల ఇంగోసారి పోదాం పద."

రేఖ గేరు వేసింది.