ఎర్రకాయల కంపు

పొదకు పురుగు పట్టిందంటే చిన్నదానికే పిలుపు వచ్చేది. పురుగంటే ఒకటీ అరా కాదు. ఆకు తిప్పి చూస్తే వెనకవైపు పసుపురంగు పిల్లపురుగులు, ఒంటినిండా నల్లచుక్కలతో, ఒకదానిమీద ఒకటి పడి మేస్తుండేవి. రెండు రోజులు ఏమరిస్తే ఆకు జల్లెడయ్యేది, ఈనెలు మాత్రం మిగిలేవి. మందు కొట్టడానికి వదిన ఒప్పుకునేది కాదు. పొద కిటికీ పక్కనే ఉంది, ఆ గాలికి తన గొంతు పాడవుతుందట. కాబట్టి వేళ్లతో నలపాలి. నలిపితే పచ్చటి జిగురు గోళ్ల సందుల్లోకి పోయేది. మూడుసార్లు సబ్బు పెట్టి కడిగినా, ముద్ద నోటిదాకా వచ్చేసరికి ఆ జిగురే గుర్తొచ్చేది.

"మెల్లగా నలపవే, ఆకు చిరుగుతుంది," అనేది వదిన, గుమ్మంలోంచి కదలకుండా.

చలికాలంలో ఇంకో రోత. ఆ పురుగు తల్లి లేతకొమ్మకు వరసగా చిల్లులు పొడిచి, గుడ్లు పెట్టి, పైన తన మలంతోనే మూతలు వేసి పోయేది. కొమ్మ పొడుగునా నల్లటి పుళ్లలా కనిపించే ఆ మూతలు వెతికి, ఆ మేరకు కత్తిరించి కాల్చేయాలి. అదీ చిన్నదాని పనే.

పల్లెలో బడి చదువు ముగించి, తాళాలు బాగుచేసే అన్నయ్య ఇంటికి వచ్చి ఆమెకు మూడేళ్లయింది. అందరికన్నా ఆఖరున పుట్టింది కాబట్టి చిన్నది. కొత్తవాళ్ల ముందు మాట్లాడాలంటే గొంతులో ముల్లు దిగినట్టుండేది. "నోట్లో నాలుక లేని పిల్లండీ," అని వదిన ఆమె ఎదుటే అందరికీ పరిచయం చేసేది.

వదిన పోస్టాఫీసు కౌంటర్లో స్టాంపులు అమ్మేది. ఆ పొద పేరు వైబర్నం అనీ, ఎర్రటి కాయలు గుత్తులు గుత్తులుగా కాస్తుందనీ, స్టాంపు కొన్న ప్రతివాళ్లకూ చెప్పింది. కాయలు మాత్రం రాలేదు. మొక్క అమ్మిన రోజునే నర్సరీ తాత, "దీనికి జత ఉండాలమ్మా, ఒంటి మొక్క కాయదు," అన్నాడు. ఒకటి కొంటే రెండోది అంటగట్టే రకం అనుకుంది వదిన. మొక్క ఎదిగాక దాని కొమ్మే విరిచి పక్కన పాతింది. "ఇదిగో జత. వాడి బోడి మొక్క ఎవడిక్కావాలి."

కొమ్మ బతికి, అదీ పొదయింది. రెండూ తెల్లగా పూశాయి. ఒక్క కాయ లేదు.

చివరకు చిన్నదే నర్సరీకి వెళ్లి, కుండీల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తాతే పలకరించాడు. విషయం విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దాని కొమ్మే దానికి జతా? అద్దంలో చూసుకుని ఇద్దరమయ్యాం అనుకున్నట్టుంది మీ వదిన. పుప్పొడి ఇదే జాతి వేరే మొక్కది తగలాలి తల్లీ. పూతకొమ్మ ఒకటి ఎక్కణ్ణించైనా తెచ్చి, బకెట్లో నీళ్లు పోసి దీని కింద పెట్టు. మిగతాది ఈగలు చూసుకుంటాయి."

ఆసుపత్రి గేటుకు అడ్డమొస్తోందని తోటమాలి నరికి పడేసిన వైబర్నం పూతకొమ్మల్ని ఆమె ఏరుకొచ్చింది. తొమ్మిది రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ, బకెట్టును పొద కింద ఉంచింది. ఎండ తగ్గే కాలానికి గుత్తులు దిగాయి. మొదట పచ్చగా, తర్వాత నారింజగా, ఆఖరుకు గాజుపూసల్లా ఎర్రగా.

"మీ చేతి చలవండీ," అన్నారు ఇరుగుపొరుగు.

"నా మాట వింటాయి మొక్కలు," అంది వదిన.

చిన్నదాని మనసంతా పక్కవీధి బైండింగు షాపు మీద ఉంది. అక్కడ పొడుగాటి బల్ల చుట్టూ పదిమంది ఆడవాళ్లు కూర్చుని, పుస్తకాల పుటలు దారంతో కుడుతుంటారు. తలెత్తరు, మాట్లాడరు. కిటికీలోంచి చూసి, లోకంలో తనకోసం ఒక చోటుందనుకుంది. ఇప్పుడక్కడ ఒక కుర్చీ ఖాళీ అయింది. రోజూ పార్సెళ్లు పట్టుకుని పోస్టాఫీసుకు వచ్చే షాపు మేడమ్, ఆదివారం ఇంటికొచ్చి పిల్లను చూస్తానంది.

మేడమ్ కంట పడాలని వదిన బుధవారమే నాలుగు గుత్తులు కోసి, ముందుగదిలో కూజాలో పెట్టింది. గురువారానికి గదిలో ఏదో మురుగుతున్నట్టనిపించింది.

"ఎలుక చచ్చింది," అన్నాడు అన్నయ్య. బీరువాలు జరిపాడు. బూజు తప్ప ఏమీ దొరకలేదు.

శుక్రవారానికి అది తడిసిన మేజోళ్ల కంపయింది. వదిన ముక్కు గదంతా తిరిగి, చిన్నదాని పాదాల దగ్గర ఆగింది.

"అమ్మాయ్, నీ సాక్సు ఎన్నాళ్లయిందే ఉతికి?"

ఉతికింది. మడమలు రాయితో రుద్దుకుంది. కంపు పోలేదు. తన చంకలు, తన దిండు, తన జడ చివర కూడా వాసన చూసుకుంది. ఎక్కడా ఏమీ లేదు, అయినా అన్నిచోట్లా ఉన్నట్టే తోచింది. తన ఒళ్లు తనకే ఎవరో విడిచిన బట్టలా అనిపించింది.

శనివారం బల్ల తుడుస్తుంటే గుడ్డ తగిలి ఒక కాయ చిట్లింది. ఎర్రటి రసం వేలికి అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే వేలు గుడ్డకు తుడుచుకుంది.

"వదినా, వాసన కాయలదే," అంది.

వదిన కూజా మీదికి వంగింది. ముక్కుపుటాలు ముడుచుకుపోవడం చిన్నదానికి స్పష్టంగా కనిపించింది. వదిన నిటారుగా లేచి, "కాయలకు కంపేంటే పిచ్చిమొహమా. వెళ్లి కాళ్లు కడుక్కో," అంది. కూజాను తీసుకెళ్లి, మేడమ్ కూర్చోబోయే కుర్చీకి ఎదురుగా సర్దింది.

మూడేళ్లుగా నలిపిన పురుగుల్లో ఒక్కటి కూడా చిన్నదానికి అంత రోత పుట్టించలేదు.

మేడమ్ లావుపాటి మనిషి, కళ్లజోడు దారంతో మెడకు వేలాడుతోంది, వేళ్ల చివర్లు జిగురుతో గట్టిపడ్డాయి. గుత్తుల్ని మెచ్చుకుంది. తర్వాత ముక్కు ఎగబీల్చింది. మళ్లీ ఎగబీల్చింది.

"ఏమనుకోకండి మేడమ్," వదిన గొంతు తగ్గించింది. "మా చిన్నదే. వయసుపిల్ల, కాళ్లకు చెమట. చెప్పీ చెప్పీ నా నోరు పోయింది."

మేడమ్ చిన్నదాని పాదాల వంక చూసింది. జాలిగా చూసింది, అదే ఎక్కువ బాధించింది.

"మా బల్ల దగ్గర మోకాళ్లు రాసుకునేలా కూర్చుంటాం అమ్మా. పక్కవాళ్లకు కష్టమవుతుందేమో." సంచి భుజానికి తగిలించుకుంది.

చిన్నది లేచి, కూజా ఎత్తి తెచ్చి మేడమ్ ఒళ్లో పెట్టింది. ఒక కాయ తెంపి చిదిమింది.

"ఇది చూడండి," అంది.

మేడమ్ వంగి, చటుక్కున మొహం తిప్పుకుంది. "ఛీ ఛీ. తడిసిన కుక్క పక్కన పడుకున్నట్టుంది."

"కూజాలో నీళ్లు మార్చి ఉండదు," అంది వదిన.

"పొద్దున మార్చాను వదినా. కాయలదని నిన్ననే చెప్పాను. నువ్వూ వాసన చూశావు."

గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య, "అయితే ఎలుక కాదన్నమాట," అన్నాడు.

మేడమ్ కూజాను ఒళ్లోంచి తీసి కింద పెట్టి, కాలితో దూరంగా తోసి, "ఈ పొదను పెంచిందెవరు?" అని అడిగింది. చిన్నది చెప్పింది. పురుగులు, మలం మూతలు, బకెట్టు, తొమ్మిది రోజులు. తలెత్తకుండా చెప్పింది, కాని అంతా చెప్పింది.

"పురుగులు ఉత్త చేత్తోనే నలిపావా?"

"నలిపాను."

"మా జిగురు పశువుల ఎముకలు ఉడికించి చేసింది. వేడి చేస్తే దీనికి తాతలా ఉంటుంది. తట్టుకుంటావా?"

"తట్టుకుంటాను."

"ఎల్లుండి నుంచి రా. సాక్సు వేసుకున్నా సరే, వేసుకోకపోయినా సరే."

మేడమ్ వెళ్లిపోయాక చిన్నది గుత్తుల్ని తీసుకెళ్లి పెరటి చెత్తగుంటలో పడేసి, మీద మట్టి కప్పింది. కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటుంటే గోడ అవతల పక్కింటావిడ గొంతు వినిపించింది, ఏంటండీ ఈ కంపు అని.

"అదేనండీ, ఆ దిక్కుమాలిన పొద," అంది వదిన, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "మా ఆడపడుచు పెంపకం. పురుగులు ఏరడం దగ్గర్నుంచి అంతా తనే. నేను ముట్టుకోను కూడా ముట్టుకోను."

ఆ పొద గురించి వదిన నోటివెంట వచ్చిన మొదటి నిజం అదే. చిన్నది కుళాయి కట్టేయబోయి, ఇంకోసారి చేతులకు సబ్బు రాసుకుంది.