కింది గొట్టం

మానిపోయి ఉండొచ్చు, ఎందుకు మానకూడదు, అనుకున్నాడు అతను బానెట్ ఎత్తి పట్టుకుని. విరిగిన ఎముక ఎవరూ చెప్పకుండానే అతుక్కుంటుంది. ఆస్పత్రిలో రోజుకు ముప్ఫై నలభైమందికి ఎక్స్‌రేలు తీసే తనకు కాక ఆ సంగతి ఎవరికి తెలుసు? నెల కిందట ఫిల్ము మీద వెంట్రుకంత గీతగా కనిపించిన చీలిక, మళ్లీ తీసేసరికి తెల్లటి మబ్బులో కలిసిపోయి ఉంటుంది. మరి రబ్బరు గొట్టం మాత్రం ఏం పాపం చేసుకుంది?

ఇంజను పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో, ఇంజనును చల్లబరిచే కూలెంటు సరిగ్గా పై గీత దగ్గర నిలబడి ఉంది. వారం రోజులుగా అతను చుక్క పోయలేదు. పోయకపోవడం మొదటిరోజు మరుపు, రెండోరోజు బద్ధకం, ఆ తర్వాత తనకే పేరు తెలియని ఇంకేదో. ఈపాటికి డబ్బా అడుగంటాలి. అడుగంటలేదు. రంగు మాత్రం కాస్త పలచబడింది. ఒకప్పటి చిక్కటి ఆకుపచ్చ, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా ఉంది. షెడ్డు రేకుల సందుల్లోంచి మధ్యాహ్నపు ఎండ సన్నగా జారి అందులో పడుతోంది. చూస్తూ ఉంటే అతనికి నీటి అడుగున పడుకుని పైకి చూస్తున్నట్టుగా ఉంది. అక్కడ చప్పుళ్లు ఉండవు. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు.

కారు నాన్నది. నాన్న పోయాక అక్కకూ తనకూ ఉమ్మడిగా మిగిలింది ఆ కారూ, మూడు గదుల ఇల్లూ, మనసులో మాట గొంతు దాటనివ్వని అలవాటూ. అక్క ఎనిమిదేళ్లు పెద్ద. తన చదువు, తన ఉద్యోగం, తన జ్వరాలు, కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన తన పెళ్లి, అన్నీ ఆవిడ చేతుల మీదుగానే జరిగాయి. యాభై రెండేళ్లు వచ్చాక ఆవిడ తనకోసం ఒకటి అడిగింది. కొండ మీద మాటలు రాని పిల్లల బడి ఉంది, అక్కడి హాస్టలు చూసుకునే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఎల్లుండి, సోమవారం పొద్దున్నకల్లా చేరాలి. చేరకపోతే జాబితాలో తర్వాతి మనిషిని పిలుస్తారు. రేపు తెల్లారగానే కారులో బయలుదేరుతుంది.

ఉత్తరం వచ్చిన సాయంత్రమే, కారుతున్న పాతదాని బదులు వేద్దామని, అతను గొట్టం కొన్నాడు. రేడియేటరు అడుగునుంచి ఇంజనుకు వెళ్లే కింది గొట్టం, దాన్ని బిగించే రెండు క్లిప్పులు. ఇంటికొచ్చేసరికి అక్క కిటికీ దగ్గర ఆ ఉత్తరాన్ని మూడోసారో నాలుగోసారో చదువుకుంటోంది. చిన్నప్పటినుంచీ తెలిసిన మొహంలో ఎప్పుడూ చూడని నవ్వు. అతను పొట్లం తీసుకెళ్లి బీరువాలో పాత ఎక్స్‌రే కవర్ల వెనక పెట్టేశాడు. మర్నాడు అక్క అడిగితే, బాగుచేసేశానన్నాడు. ఆ తర్వాత రోజూ ఆవిడ లేవకముందే ఒక గ్లాసెడు కూలెంటు పోస్తూ వచ్చాడు. ఇలా ఎందుకు చేస్తున్నావని తనను తాను అడగలేదు. ఒక దృశ్యం మాత్రం అప్పుడప్పుడు కళ్ల ముందుకు వచ్చేది. కొండ మొదట్లోనే కారు పొగలు కక్కుతుంది, అక్క నవ్వుతూ తిరిగొస్తుంది, ఇద్దరూ టీ తాగుతారు. అంతే. అందులో ఎవరికీ ఏమీ కాదు.

పక్కింటి బాబాయి గోడమీదుగా తొంగి చూశాడు. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్లు మెకానిక్కుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆ విశ్రాంతి ఆయనకు పడలేదని వీధంతా అనుకుంటారు. అరగంటనుంచి బానెట్లో ఏం చదువుతున్నావని అడిగాడు. వారంగా తను చుక్క పోయలేదని, కారడం దానంతటదే ఆగిపోయిందని అతను చెప్పాడు.

"గొట్టాలు మానవురా డాక్టరూ," అన్నాడు బాబాయి వేళాకోళంగా. "మానేవే అయితే డిపోలో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ఎందుకు మేపుతారు?"

గోడ చుట్టూ తిరిగొచ్చి, కారు కింద అట్టముక్క పరిపించి, ఇంజను స్టార్టు చేయించాడు. వేడి మీద రేడియేటరు మూత ముట్టుకున్నావంటే నీ మొహం ఎక్స్‌రేకి కూడా పనికిరాదని హెచ్చరించాడు. ఇద్దరూ గొంతుక్కూర్చున్నారు. పది నిమిషాలకు అట్టమీద ఒక మచ్చ పడింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి మచ్చలన్నీ కలిసి ఒక దేశం పటంలా పరుచుకున్నాయి. బాబాయి వేలితో అద్ది వాసన చూశాడు.

"కుళాయి నీళ్లు. కూలెంటు పేరుకే ఉంది. ఇందులో ఎవరో పోస్తున్నారు. నువ్వు కాదంటున్నావు, మరి మీ ఇంట్లో ఎంతమందున్నారేమిటి?"

ఇంజను ఆపి, చల్లారేదాకా ముట్టుకోవద్దని, ఆనక పాత నీళ్లు తీసి చూడమని చెప్పి, ఆయన తన ఇంటికి వెళ్లిపోయాడు.

అంటే రోజుకు కారిపోయేది గ్లాసెడు కాదు, ఇంకా ఎక్కువ. తను పోసింది తనకు తెలుసు, అంతే. పాత నీళ్లు పట్టడానికి బేసిను కావాలని వెనక డిక్కీ తెరిచాడు. అందులో ఎనిమిది నీళ్ల సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో కాగితం చీటీ, అక్క గుండ్రటి అక్షరాలతో. పెట్రోలు బంకు. వంతెన దాటాక. మొదటి మలుపు. మూడో మలుపు, చల్లారేదాకా ఆగాలి.

"చూశావా," అంది అక్క వెనకనుంచి. మడతపెట్టిన తువ్వాలు చేతిలో ఉంది.

అతను చీటీ మీదనుంచి వేలు తీసేశాడు.

"నువ్వు బాగుచేశానన్న మర్నాడే నేల తడిగా ఉందిరా. చేతకాలేదని చిన్నబుచ్చుకుంటావేమోనని నేనే పోస్తూ వచ్చాను. నువ్వు ఆస్పత్రికెళ్లాక."

"నేనూ పోశానక్కా. నువ్వు లేవకముందు."

ఆవిడ సన్నగా నవ్వింది. "ఈ జబ్బుని ఇద్దరం కలిసి పెంచామన్నమాట."

"ఇలాంటి కారుతో కొండెక్కుతావా?"

"ఎక్కుతాను. ఆగుతూ, పోసుకుంటూ పోతాను. చీకటి పడితే పడనీ. సోమవారానికి అక్కడుంటాను."

చెప్పకుండా ఉండొచ్చు. ఎంతో తేలిక. కానీ మాట అప్పటికే దొర్లిపోయింది. "గొట్టం ఉందక్కా. ఉత్తరం వచ్చినరోజే కొన్నాను. బీరువాలో పెట్టాను."

అక్క చాలాసేపు తువ్వాలు అంచులు సరిచేసుకుంది.

"అయితే చేతకాక కాదు," అని, లోపలికి వెళ్లిపోయింది.

ఇంజను చల్లారింది. అతను బీరువాలోని పొట్లం తెచ్చుకుని, బేసిను పెట్టి కారు కింద పడుకున్నాడు. పాత గొట్టం నిట్టూర్చినట్టు ఊడొచ్చింది. పలచటి పచ్చనీళ్లు తియ్యటి వాసనతో బేసినులోకి దిగాయి. గొట్టం చివర, క్లిప్పు కింద, చీలిక ఉంది. చుట్టూ తెల్లటి పెచ్చు. ఇన్నాళ్లూ అది అక్కడే ఉంది, అతనికి తెలుసు. రేడియేటరు మూతిని గుడ్డతో తుడిచి, కొత్త గొట్టం తొడిగాడు. ఇంజను వైపు క్లిప్పు గట్టిగా బిగించాడు. రేడియేటరు వైపుది మిగిలింది.

కింద చల్లగా ఉంది. వెలుగు చక్రాల మధ్యనుంచి చదునుగా వచ్చి చేతులమీద పడుతోంది. ఆ సందులోంచి అక్క పాదాలు కనిపిస్తున్నాయి, వరండాలోకి వస్తూ, పోతూ, ఏదో మరిచిపోయి మళ్లీ వెనక్కి తిరుగుతూ. ఆ పాదాలు లేని వరండాను ఊహించబోయాడు. రాలేదు. దానికి బదులు మూడో మలుపు వచ్చింది. బానెట్ ఎత్తిన కారు, ఆవిరి, ఆనుకుని పోయే లారీలు, సీసా పట్టుకుని లోయ అంచున ఒంటరిగా నిలబడ్డ మనిషి. ఇన్నాళ్లూ అతని కలలో లోయ ఉండేది కాదు.

క్లిప్పు స్క్రూ తిరిగి తిరిగి ఒకచోట ఆగింది, ఇంకా పూర్తిగా బిగియలేదు. ఇలా వదిలేసినా ఇంటి ముందు చుక్క కారదు. చదును రోడ్డు మీదా కారదు. వేడెక్కి లోపలి ఒత్తిడి పెరిగాక, ఆ కొండమీదే, నెమ్మదిగా చెమర్చడం మొదలవుతుంది. బాబాయికి కూడా అంతుపట్టదు. అందరూ పాత కారు కదా అంటారు.

అక్క పాదాలు కారు పక్కనొచ్చి ఆగాయి.

అతను స్క్రూడ్రైవరును మళ్లీ గాడిలో ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, ఇంకో అర చుట్టు బిగించాడు.