ఇన్నేళ్లూ నడిచిన ప్రోగ్రాం

"ఇన్నేళ్లూ నడవలేదా?" అన్నారు మా మేనేజరు, నా స్క్రీన్ మీద బారులు తీరిన ఎర్ర గీతల్ని చూసి. సరిగ్గా ఇదే మాట పొద్దున సింకు దగ్గర మా అత్తగారి నోట విన్నాను. రాత్రి గిన్నెలైనా మా ఆయన్ని కడగమన్నందుకు. "ఇన్నేళ్లూ నడవలేదా అమ్మా? కొత్తగా ఇప్పుడేం వచ్చింది?" మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "కూర్చుని చేసే ఉద్యోగమేగా నీది" అని మాత్రం అన్నారు.

ఆసుపత్రిలో పిల్లల బరువును బట్టి మందు ఎంతివ్వాలో లెక్కకట్టే పాత ప్రోగ్రాంని కొత్త కంపైలర్‌కి మార్చడం ఆ కూర్చుని చేసే ఉద్యోగం. మనం రాసింది చదివి మిషనుకు అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. పాతది తప్పుల్ని చూసీ చూడనట్టు పోయేది. కొత్తది మహా పేచీకోరు. ప్రోగ్రాం వాడుకునేందుకు పదహారేళ్ల కింద ఎవరో రాసిపెట్టిన లెక్కల కోడు, అదే లైబ్రరీ, దశాంశాల్ని మింగేస్తోందని పట్టేసింది. రెండున్నర కాస్తా రెండైపోతోంది.

"పాత పద్ధతే ఒప్పుకోమని దానికో స్విచ్ ఉంటుంది కదా, పెట్టేయండి మేడమ్. అన్నీ పరీక్షించానని మీరు సంతకం పెడితే సాయంత్రానికి పంపేద్దాం" అన్నారు మేనేజరు.

మనసొప్పక పిల్లల వార్డుకి ఫోన్ చేశాను. పెద్ద నర్సు ఎత్తింది. దశాంశాలు పోతున్న సంగతి చెప్పాను.

"అది మాకు మొదట్నుంచీ తెలుసు మేడమ్. ప్రతి షిఫ్టులో ఎవరో ఒకరం కాగితం మీద మళ్లీ లెక్కేసుకుంటాం."

"ఎవరికీ చెప్పలేదా?"

"రెండుసార్లు రాసిచ్చాం. బాగానే నడుస్తోంది కదా అన్నారు పైవాళ్లు."

ఆమె నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పదహారేళ్ల ఆ కాగితాలన్నీ ఏ చెత్తబుట్టలోకి పోయాయో. మా ఇంట్లోనూ అంతే. అత్తగారి బీపీ మాత్రలు అయిపోకముందే డబ్బాలోకి వస్తాయి, ఆయన చొక్కాకి ఊడిన గుండీ తెల్లారేసరికి ఉంటుంది. ఎలా వచ్చాయని ఎవరూ అడగరు.

స్విచ్ పెట్టలేదు. మేనేజరుకి మెయిల్ రాశాను: "సంతకం పెట్టలేను. లైబ్రరీ మళ్లీ రాయాలి, మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా కాగితం లెక్క ఆపొద్దని వార్డుకి చెప్పాను."

ఇంటికి వెళ్లేసరికి సింకు నిండా గిన్నెలు.

"ఇంకా పొద్దుటి కోపమేనా?" అన్నారు అత్తగారు.

కోపం లేదు. అందుకే మా ఆయనకి కూడా వినపడేలా నెమ్మదిగా చెప్పాను.

"ఇన్నేళ్లూ ఇల్లు దానంతటది నడవలేదత్తయ్యా. నేను నడిపించాను."

చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.