అప్పీలు తేలేదాకా

పొద్దున్నే సిన్నోవె రెండు కప్పుల్లో కాఫీ పోస్తుంది. ఒకటి తనకు, ఒకటి కిటికీ దగ్గర మేజోళ్లు అల్లుకునే అమ్మకు. అమ్మ గుడ్రున్ చనిపోయి ఇది మూడో శీతాకాలం.

నార్వేలో కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఆ ఫ్యోర్డు ఒడ్డు ఊళ్లో, శవపేటిక గడప దాటేటప్పుడు పెద్దబిడ్డ కీర్తన అందుకోవాలి. అప్పుడే ప్రాణం ప్రభువు దగ్గరికి బయల్దేరుతుంది. అమ్మ పేటిక కదిలే రోజు ఓస్లో విమానాశ్రయంలో సిన్నోవె టికెట్టు పట్టుకుని నిలబడే ఉంది. ఆమె సీటు ఇంకెవరికో ఇచ్చి గేటు మూసేశారు. పేటికను సమాధి చేశారు. అమ్మ కుర్చీలోనే ఉండిపోయింది.

"పాడలేదుగా మరి, ఎలా వెళ్తుంది?" అంటూ ఇరుగుపొరుగు వాఫుల్స్ అట్లు తెచ్చి, ఆవిడ పక్కనే కూర్చుని తినిపోయారు.

కోపం చల్లారాక పాడదామనుకుంది సిన్నోవె. ఈలోపు విమానాల కంపెనీ మీదా, గేటు మూసిన ఆస్లాక్ మీదా దావా వేసి గెలిచింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు.

"తీర్పొచ్చేదాకా పాడకండి. మీ అమ్మగారే మన సాక్ష్యం" అన్నాడు లాయరు హెల్గెసెన్.

ప్రతి ఆదివారం చర్చి గంట మోగగానే అమ్మ అడిగేది. "ఇవాళ పాడతావుటే?"

"ఓపిక పట్టమ్మా. వాళ్ల పొగరు అణగనీ."

"చలేస్తోందే తల్లీ."

సిన్నోవె పొయ్యిలో ఇంకో కట్టె వేసేది.

బెర్గెన్ అప్పీలు కోర్టులో కంపెనీ లాయరు బెంచీ మీదున్న గుడ్రున్‌ను చూపించాడు. "అమ్మ పక్కనే ఉంటే ఈవిడకు నష్టమేమిటి? ఇన్నాళ్లూ పాడొద్దని మేం ఆపామా?"

సిన్నోవె తల దించుకుంది.

విరామంలో ఆస్లాక్ గుడ్రున్‌కు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

"ఏ ఊరు నాయనా మీది?"

"మీకు ఎదురు ఒడ్డేనండీ."

"అయితే పాట నీకూ వచ్చుండాలే."

"మా నాన్నకు పాడానండీ." అతను సిన్నోవె వైపు తిరిగాడు. "గేటు తీయాల్సింది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. క్షమాపణ అడిగితే అప్పీలు దెబ్బతింటుందని మావాళ్లు నా నోరు నొక్కేశారు."

"నన్నూ పాడొద్దన్నారు" అంది సిన్నోవె.

అమ్మ చెయ్యి పట్టుకుని కోర్టు వీధి వాకిలి దాకా నడిపించింది. ప్రభువు వినడానికి ఇంటి గడపే కావాలా చెప్పండి? కీర్తన అందుకుంది. రెండో పాదంలో ఆస్లాక్ గొంతు కలిపాడు. పాట ముగిసేసరికి ఆమె చేతిలో అమ్మ చెయ్యి లేదు.

హెల్గెసెన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం పని చేశారండీ! లోపల ఇప్పుడు ఎవర్ని చూపించను?"

"ఎవర్నీ వద్దు లాయరుగారూ. దావా వెనక్కి తీసుకుంటున్నానని చెప్పండి."

పాట పాడినంతసేపట్లో ఎదురుగా వానలో కదిలిన ట్రాము ఒక్క స్టాపు కూడా దాటలేదు. ఈపాటి దానికా అమ్మను ఇన్నాళ్లు కూర్చోబెట్టాను, అనుకుంటూ మెట్ల మీద కూలబడింది. ఆస్లాక్ పక్కన కూర్చున్నాడు. లోపల్నుంచి ఇద్దరి పేర్లూ పిలిచారు. వాళ్లు వానలో అలాగే ఉండిపోయారు.